ఎవరి నోటికి తగ్గ పేరు?

మెల్‌బోర్న్ నగరానికి ఆగ్నేయంగా ఓక్లీ అనే పేట ఉంది. అక్కడి ఈటన్ మాల్ వీధిలో పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళ మాటలు వింటే ఇది ఆస్ట్రేలియానా, ఏథెన్స్‌కు పొరుగూరా అనిపిస్తుంది. ఆ పేటలో ఒక గ్రీకు కుటుంబానికి తొలిచూలు ఆడపిల్ల పుట్టింది.

తొలి ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెట్టడం చాలా గ్రీకు ఇళ్ళలో రివాజు. కొన్ని దీవుల్లో అమ్మమ్మ పేరు ముందొస్తుంది గానీ, వీళ్ళ వంశంలో నాయనమ్మదే వంతు. ఆ నాయనమ్మ పేరు కలియోపి. అందుకని పాపకేం పేరు పెడతారని చుట్టాలెవరూ అడగను కూడా లేదు. "మా చిన్న కలియోపి పాలు తాగుతోందా?" అనే ఫోన్లు చేశారు. పాతకాలంలో అయితే జ్ఞానస్నానం దాకా పేరుకు తొందర లేదు. పసిపిల్లను 'బెంబా' అని పిలుచుకుంటూ నెలలకు నెలలు గడిపేసేవాళ్ళు. విక్టోరియా రాష్ట్రంలో అలా కుదరదు. బిడ్డ పుట్టిన 60 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ దరఖాస్తులో పేరుకొక గడి ఉంటుంది.

ఆ గడి దగ్గర కోడలి చెయ్యి ఆగిపోయింది.

ఆమె పేరు పరస్కెవి. మెల్‌బోర్న్‌లోనే పుట్టి పెరిగింది. బడిలో కొత్త టీచరు హాజరు పిలిచినప్పుడల్లా ఏం జరిగేదో ఆమెకు ఇంకా గుర్తే. పేర్లు గబగబా సాగిపోతుండేవి. తన ముందున్న పేరు అయిపోయేది. టీచరు వేలు కాగితం మీద నిలబడిపోయేది. పిల్లలందరూ తలలు తిప్పి తనవైపు చూసేవాళ్ళు, ఎందుకంటే టీచరు ఆగిందంటే అది ఎవరి పేరో వాళ్ళందరికీ తెలుసు. టీచరు నోరు తెరిచేలోపే ఆమె చెయ్యెత్తి "ఎవీ అనండి, చాలు" అనేది. ఎదుటి పెద్దమనిషి ఇబ్బందిని తీర్చే పని ఏడేళ్ళ పిల్ల మీద పడింది, ఆ పని ఆమె కాలేజీ దాకా, ఉద్యోగం దాకా చేస్తూనే వచ్చింది. తన కూతురి నెత్తిన ఆ పని పెట్టకూడదని ఆమె పట్టుదల. అత్తగారంటే ఆమెకు గౌరవమే, ఆ పేరంటే కూడా ఇష్టమే. భయమల్లా ఆ వేలు ఆగే క్షణం గురించి.

మొగుడితో చెప్పింది. అతను తల గోక్కున్నాడు. "అమ్మ ఏమంటుందో" అన్నాడు. "అమ్మతో నేను మాట్లాడతాను. ముందు ఏ పేరైతే ఇక్కడి వాళ్ళకు నోరు తిరుగుతుందో చూద్దాం" అంది పరస్కెవి.

ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని తమకు తెలిసిన గ్రీకు ఆడపేర్లన్నీ ఒక కాగితం మీద రాశారు. మర్నాడు పరస్కెవి ఆ కాగితం పట్టుకుని పెరటి కంచె దగ్గరికి వెళ్ళింది. కంచెకు అవతల ఒక పెద్దావిడ ఉంటుంది. ఇంగ్లీషు తప్ప మరో భాష తెలియని మనిషి. పాపకు స్వెట్టరు అల్లిపెట్టింది, నిమ్మచెట్టు కాస్తే సగం కాయలు ఈ ఇంటికే పంపుతుంది. ఇంతకన్నా నమ్మకమైన నోరు ఎక్కడ దొరుకుతుంది?

"ఈ పేర్లు ఒక్కసారి పైకి చదివిపెట్టండి. ఎలా కనిపిస్తే అలాగే చదవండి, నేనేమీ చెప్పను" అంది.

ఆవిడ కళ్ళద్దాలు తెచ్చుకుంది. 'హ్రిసూలా' దగ్గర మొదటి అక్షరాన్ని చ అనాలో క అనాలో తేలక రెండు రకాలుగానూ అంది. 'ఎఫ్తిహీయా' దగ్గర నవ్వేసి "ఇది వదిలెయ్యనా?" అని అడిగింది. 'ఎవ్యెనీయా' ఆవిడ నోట 'యూజీనియా' అయింది. 'క్సంథీ'లో క ఎగిరిపోయి 'జాంథీ' మిగిలింది. ఎలేని, సోఫియా, జోయీ, డాఫ్నీ, ఆనా, ఇవి మాత్రం నీళ్ళు తాగినంత సులువుగా చదివేసింది. పరస్కెవి ఒక్కొక్క దాని పక్కన గుర్తు పెట్టుకుంటోంది. ఆఖర్న ఉంది కలియోపి. కావాలనే ఆఖర్న రాసింది.

"క్యాలియోప్!" అంది పెద్దావిడ, హమ్మయ్య ఇది తెలిసిన మాటే అన్నట్టు. "సర్కస్‌లో ఆవిరితో మోగే పెద్ద బాజా కదూ ఇది? పిల్లల పేర్లలోకి ఎలా వచ్చింది?"

పరస్కెవి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఇంక సందేహం లేదనుకుంది. వెనక్కి తిరిగేసరికి వంటింటి కిటికీలో అత్తగారు కనిపించింది. సింకు దగ్గర గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అంతా విన్నది.

ఆ సాయంత్రం కోడలు మాట ఎత్తకముందే ముసలామె తనే ఎత్తింది. "ఎలేని బావుంది అమ్మాయ్. పరిశుద్ధురాలి పేరు, పలకడానికీ హాయి. అదే పెట్టండి."

కొడుకు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా మాట పూర్తిగా వినండి. నొచ్చుకుని అనడం లేదు. నేను 1964లో పత్రిస్ ఓడలో వచ్చాను. మాది లెస్వోస్ దీవి, ప్లొమారి ఊరు. పిరేయస్ రేవులో ఓడ కదులుతుంటే మా అమ్మ గట్టు మీద నిలబడి కలియోపీ అని అరిచింది. జనం గోలలో కూడా నాకు వినిపించింది. ఇక్కడ దిగిన వారానికే బట్టల మిల్లులో పని దొరికింది. మేస్త్రీ నా కార్డు చూసి, ఒక్కసారి చదవబోయి, మానేసి, కెల్లీ అన్నాడు. వేళ్ళ మీద కుట్లు పడుతుంటే పేరు గురించి ఎవరు పోట్లాడతారు? జీతం చీటీ మీద కెల్లీ. డాక్టరు దగ్గర కెల్లీ. మీ నాన్న పోపీ అనేవాడు, ఆయన పోయాడు. అమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఈ దేశంలో నన్ను నా పేరుతో పిలిచేది ఒక్క పాదిరి గారు. అప్పం, ద్రాక్షారసం నోట్లో పెట్టేటప్పుడు 'దేవుని దాసి కలియోపి' అంటారు. అది కూడా నేను వెళ్ళిన ఆదివారాల్లోనే. నేను కాపాడుకోలేని దాన్ని పసిదాని మెడలో వేసి నువ్వు కాపాడవే అనడం న్యాయం కాదు."

ఎవరూ మాట్లాడలేదు. పాప ఏడిస్తే అందరికీ ఒక పని దొరికినట్టయింది.

దరఖాస్తులో ఎలేని అని రాసేవాళ్ళే. కానీ రెండు రోజుల తర్వాత పక్కింటి పెద్దావిడ నిమ్మకాయలు తెచ్చి ఇస్తూ "పేరు తేలిందా?" అని అడిగింది. ఎలేని అని చెప్పింది పరస్కెవి. "మంచి పేరు. మీ అమ్మదా?" అంది. "మా అమ్మదే అనుకోండి, కానీ వరసకు మా అత్తగారి పేరు పెట్టాలి. అది మీరు ఆఖర్న చదివారే, ఆ పేరు" అంది పరస్కెవి.

పెద్దావిడకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"కెల్లీ పేరా? కెల్లీ పేరు కెల్లీ కాదా?"

ఆవిడ నేరుగా వంటింట్లోకి వచ్చింది. "ముప్పై ఏళ్ళుగా నీ చేతి ఈస్టరు రొట్టె తింటున్నాను. మా ఆయన పోయినప్పుడు పది రోజులు నువ్వే వండి పంపావు. నీ పేరు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అంది నాయనమ్మ. కాస్త ఆగి, "నేనూ చెప్పలేదు" అంది.

"ఇప్పుడు అడుగుతున్నాను."

నాయనమ్మ చెప్పింది. పెద్దావిడ పలకబోయింది. ముందు బాజా వచ్చింది. తర్వాత 'కెలాయొపీ' వచ్చింది. ఎక్కడో విన్న ఇంగ్లీషు ఉచ్చారణ అది. పరస్కెవి పాత అలవాటు కొద్దీ "పోపీ అనండి, సరిపోతుంది" అనబోయింది. కానీ పెద్దావిడ వినిపించుకునే స్థితిలో లేదు. కాగితం మీద రాసి చూపించమంది. రాస్తే మళ్ళీ బాజాయే వచ్చింది. నాయనమ్మ ఆ కాగితం లాక్కుని చించేసింది. "కళ్ళతో కాదు. పద" అని పెరట్లోకి తీసుకెళ్ళింది.

పెరట్లో గిరగిర తిరిగే ఇనప దండెం ఉంది. ఉతికిన బట్టల బుట్ట ఉంది. నాయనమ్మ పాప దుప్పటి తీసి దండెం మీద వేసి ఒక క్లిప్పు పెట్టింది. "క" అంది. రెండో క్లిప్పు పెట్టి "లి" అంది. మూడోది గట్టిగా నొక్కి, సాగదీసి "యో" అంది. నాలుగోది అలా తగిలించి "పి" అని వదిలేసింది. తర్వాతి దుప్పటి పెద్దావిడ వేసింది. రెండో క్లిప్పు దగ్గర నొక్కబోతే నాయనమ్మ ఆమె చేతిని మూడోదాని మీదకు జరిపింది. బుట్ట ఖాళీ అయ్యేసరికి నాలుగు క్లిప్పులూ సరైన చోట పడ్డాయి.

మర్నాడు పొద్దున కంచె అవతలి నుంచి "కలియోపీ!" అని కేక వినిపించింది. నాయనమ్మ పాత్రలు కడుగుతోంది. తల తిప్పలేదు. ఇంగ్లీషు గొంతు ఆ పేరు పిలుస్తుందని ఆమె చెవికి తెలియదు. రెండో కేకకు ఆమె చేతులు నీళ్ళలోనే ఆగాయి. మూడో కేకకు "ఆఁ, వస్తున్నా!" అని తడిచేతులతోనే పరిగెత్తింది, ఎనభై ఏళ్ళ మనిషి.

పరస్కెవి ఆ పరుగు చూసింది. ఆ మధ్యాహ్నమే దరఖాస్తు బయటికి తీసింది. మొగుడు వచ్చి చూసేసరికి గడిలో కలియోపి అని ఉంది.

"మరి ఆ వేలు ఆగితే?" అన్నాడు.

"ఆగనీ. దానికి మాటలు వచ్చేదాకా నేను చెబుతాను. మాటలొచ్చాక నన్ను చూసి అదే నేర్చుకుంటుంది."

వారం తిరక్కముందే ఆ పరీక్ష వచ్చింది. శిశు ఆరోగ్య కేంద్రంలో నర్సు ఫైలు చూసి, ఆగి, "ఇది ఎలా చదవాలి? ఏదైనా చిన్న పేరు ఉందా?" అని అడిగింది. పరస్కెవి నాలిక చివరి దాకా వచ్చిన 'పోపీ'ని వెనక్కి తీసుకుంది. "ఉంది, ఇంట్లో పిలుస్తాం. ఇక్కడ మాత్రం కలియోపి" అని నాలుగు ముక్కలుగా చెప్పింది. నర్సు తప్పుగా అంది. పరస్కెవి నవ్వుతూ మళ్ళీ చెప్పింది. నాలుగో నెల టీకాకు వెళ్ళేసరికి నర్సు గుమ్మం దగ్గరే పేరు సరిగ్గా పిలిచి, మెచ్చుకుంటారేమోనని పరస్కెవి ముఖం చూసింది. పరస్కెవి మనసారా మెచ్చుకుంది.

జ్ఞానస్నానం నాడు తొట్టి ముందు నిలబడి జ్ఞానమాత ఆ పేరును చర్చి నలుమూలలా వినబడేలా చెప్పింది. వెనకటికి ఊళ్ళలో ఆ పేరు చెవిన పడగానే పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్ళి బయట ఉన్న తల్లికి చెప్పేవాళ్ళు, ఆమె వాళ్ళ చేతుల్లో నాణేలు పెట్టేది. ఓక్లీలో అందరికీ పేరు ముందే తెలుసు. అయినా నాయనమ్మ నాణేల సంచీ తెచ్చుకుంది. తన దగ్గరికి వచ్చి పేరు సరిగ్గా చెప్పిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒకటి ఇచ్చింది. పక్కింటి పెద్దావిడ కూడా వరసలో నిలబడి తన నాణెం తీసుకుంది.

రెండేళ్ళ తర్వాత పరస్కెవికి ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఈసారి అమ్మమ్మ వంతు. అమ్మమ్మ పేరు ఎలేని. ఎలేని అనే పెట్టారు, ఏ కాగితమూ కంచె దగ్గరికి వెళ్ళలేదు.

నీతి

బిడ్డ పేరును మొదటిసారి చదవబోయే అపరిచితుడి కోసం ఎంచుకోకండి. వేలసార్లు పిలవబోయే వాళ్ళ కోసం ఎంచుకోండి. అపరిచితుడికి నేర్పే పని ఎలాగూ ఉంటుంది. ఆ పనిని పిల్ల మాటలు నేర్చేదాకా పెద్దలే చెయ్యాలి, మొహమాటం లేకుండా, చిరాకూ లేకుండా.

ఇంతవరకూ చెబితే కథ అయిపోయినట్టే. కానీ ఈ నీతిని వినగానే "అంటే సులువైన పేరు పెట్టడం పిరికితనమా?" అని అడిగేవాళ్ళుంటారు. కాదు. రెండో పిల్ల ఎలేని ఈ కథలో అందుకే పుట్టింది. సోఫియా, జోయీ, ఆనా, మరియా, ఎలేని, డాఫ్నీ, ఇవన్నీ ఏ గ్రీకు తల్లీ సిగ్గుపడాల్సిన పని లేని పేర్లు. చాలామంది అమ్మమ్మలవీ నాయనమ్మలవీ కూడా ఇవే పేర్లు. రెండు భాషలకూ ఒప్పే పేరు ఇష్టంతో పెడితే అది అదృష్టమే. నా అభ్యంతరమల్లా పరస్కెవి జేబులోకి వెళ్ళిన ఆ కాగితం గురించి. ఒక పేరుకు ఉన్న సమస్త బంధుత్వాన్నీ పక్కన పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మనిషి మొదటి ప్రయత్నంలో ఎలా చదివిందన్న ఒక్క లెక్కతో మార్కులు వేసింది ఆ కాగితం. పరిచయమైన తొలి అరనిమిషం తర్వాత ఆ మనిషితో ఒక జీవితకాలం మిగిలి ఉంటుందని మరిచిపోయింది.

గ్రీకు పేర్లు ఇంగ్లీషు నోటికి ఎందుకు అడ్డం పడతాయో కూడా కాస్త చూడాలి. చాలాసార్లు తప్పు నోటిది కాదు. థ లాంటి ఊదుడు ధ్వని, ద లాంటి ఒరుసుకునే ధ్వని గ్రీకులో ఉన్నాయి, ఇంగ్లీషులోనూ ఉన్నాయి. నిజంగా కష్టమైనవి రెండే: గొంతు వెనక నుంచి గాలి రాసుకుంటూ వచ్చే ఖ లాంటిది, గ కూ య కూ మధ్య ఎక్కడో ఉండే ఇంకొకటి. కలియోపిలో ఈ రెండూ లేవు. తెలుగువాళ్ళం మనం మొదటి ప్రయత్నంలోనే పలికేస్తాం. అయినా ఇంగ్లీషు వాళ్ళు తడబడతారు, ఎందుకంటే ఆ పేరు వాళ్ళ దగ్గరికి నేరుగా రాలేదు. ప్రాచీన గ్రీకు పేర్లు లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళాయి. వెళ్ళేటప్పుడు లాటిన్ వర్ణక్రమాన్నీ, లాటిన్ ఊనికనూ వెంట తీసుకెళ్ళాయి. గ్రీకు నోట 'పినెలోపి'లో 'లో' మీద పడే ఒత్తు ఇంగ్లీషు పెనలపీలో ఒక అక్షరం ముందుకు జరిగి 'నె' మీద పడుతుంది. పెర్సెఫొని, కలియోపి, వీటన్నిటిదీ అదే దారి.

ఆ పైన వర్ణక్రమం ఇంకో చిక్కు తెచ్చింది. 1855లో అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన జాషువా స్టాడర్డ్ ఆవిరితో మోగే వాయిద్యానికి పేటెంటు తీసుకున్నాడు. దానికి గ్రీకుల కావ్యదేవత కలియోపి పేరే పెట్టారు. సర్కస్ జనం ఆ స్పెల్లింగు చూసి చివరి అచ్చును మింగేసి క్యాలియోప్ అన్నారు. న్యూ ఆర్లియన్స్ నగరంలో తొమ్మిదిమంది కళాదేవతల పేర్లతోనూ వీధులున్నాయి. అక్కడ కూడా ఊరివాళ్ళ నోట ఆ వీధి క్యాలియోపే. కథలోని పెద్దావిడ చదివింది ఈ చరిత్రనే. అందుకే దరఖాస్తు నింపే తల్లిదండ్రులకు చేతిలో ఉన్న మంచి సాధనం స్పెల్లింగు. పాత లాటిన్ పద్ధతిలో సీ తో మొదలెట్టి ఈ తో ముగిస్తే బాజా వస్తుంది. కే తో మొదలెట్టి ఐ తో ముగిస్తే చివరి 'పి' బతుకుతుంది. హ్రిసూలాకు మొదట సీహెచ్ కాకుండా హెచ్ ఒక్కటే రాస్తే చ అనే అనుమానమే రాదు. పేరు మార్చకుండా, దాని బట్ట మాత్రం మార్చి తొడిగే ఈ వీలును చాలామంది వాడుకోరు. అలవాటైన స్పెల్లింగుకే కట్టుబడతారు.

ఇక నేర్చుకోవడం మాటకొస్తే, ఇంగ్లీషు ప్రపంచమంతా ఒక గ్రీకు ఆడపిల్ల పేరును కలిసికట్టుగా నేర్చుకున్న సందర్భం మన కళ్ళముందే ఉంది. 1997లో హ్యారీ పాటర్ నవలలు మొదలయ్యాక, అందులోని అమ్మాయి హెర్మయనీ పేరును ఎలా పలకాలో తెలియక లక్షలమంది పిల్లలు తోచినట్టు చదువుకున్నారు. షేక్స్‌పియర్ నాటకంలో ఉన్న పేరే అయినా పిల్లలకు అది కొత్త. 2000లో వచ్చిన నాలుగో పుస్తకంలో రచయిత్రి రౌలింగ్ ఆ అమ్మాయి చేతనే, బల్గేరియా నుంచి వచ్చిన కుర్రాడికి ఆ పేరును ముక్కలు ముక్కలుగా నేర్పించింది. చదివే పిల్లలూ వాడితోపాటే నేర్చుకున్నారు. గ్రీకుల ఎర్మియోనికీ దానికీ ఉచ్చారణలో తేడా ఉంది, నిజమే. కానీ నాలుగు ముక్కల పేరు ఇంగ్లీషు పిల్లలకు బరువని ఆ తర్వాత ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళకు ఆ అమ్మాయి కావాలి. కావాలి కాబట్టి పేరు వచ్చింది. పక్కింటి పెద్దావిడకు కూడా అంతే, కెల్లీ ఎవరో తెలియాలి అనుకున్న రోజునే నోరు తిరిగింది.

పేరును కుదించడం తప్పా అంటే, గ్రీకులంత ఇష్టంగా పేర్లు కుదించేవాళ్ళు తక్కువ. కలియోపి పోపీ అవుతుంది, పనయోతా యోతా అవుతుంది, ఎవంగెలీయా లిత్సా అవుతుంది, వసిలికీ వాసో అవుతుంది. ఇవన్నీ ఇంట్లో, ఒళ్ళో, ముద్దులో పుట్టినవి. మిల్లులో పుట్టిన కెల్లీ అలాంటిది కాదు. తల్లి పెట్టిన ముద్దుపేరుకూ మేస్త్రీ తొందర పడి పెట్టిన పేరుకూ అక్షరాల లెక్కలో తేడా కనిపించదు. పిలిపించుకునే మనిషికి మాత్రం తెలుస్తుంది. 1923లో న్యూయార్క్‌లో పుట్టిన గాయని మరియా కాలస్ కుటుంబానికి కలోయెరోపులోస్ అనే ఇంటిపేరు ఉండేది. కొత్త దేశంలో తిరగని నోళ్ళ కోసం తండ్రి దాన్ని కత్తిరించాడు. ఆ ముక్కతోనే ఆమె ప్రపంచమంతటికీ తెలిసింది. తండ్రి తనంతట తాను తీసుకున్న నిర్ణయం కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈనాటి తల్లిదండ్రులకు అప్పటి వలసవాళ్ళకున్న గత్యంతరం లేనితనం లేదు. 1952లో ఆస్ట్రేలియాతో ఒప్పందం కుదిరాక ఓడలెక్కి వచ్చినవాళ్ళకు దొరికిన పనిని నిలబెట్టుకోవడమే ముఖ్యం. మేస్త్రీని ఆపి "నా పేరు అది కాదు" అనే ధైర్యం వాళ్ళ దగ్గర ఆశించలేం. వాళ్ళ మనవరాళ్ళ తల్లులు అదే ఊళ్ళో పుట్టి, అదే భాషలో చదివి, అదే బళ్ళకు పన్ను కడుతున్నవాళ్ళు. నాయనమ్మకు లేని నోరు వీళ్ళకు ఉంది. దాన్ని వాడాల్సిన మొదటి చోటు ఆ నర్సు బల్ల ముందే.

తెలుగు ఇళ్ళకు ఈ కథ పరాయిది కాదు. మనకూ అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు పిల్లలకు పెట్టే ఆచారం ఉంది. పాపకు అత్తగారి పేరు పెట్టిన కోడలు, అత్తగారి పేరు నోటితో అనకూడదు గనక, పిల్లను బుజ్జి అనో అమ్మడు అనో పిలవడమూ ఉంది. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగు దంపతులు బారసాల ముందు పేర్ల జాబితా రాసి, ఆఫీసులో ఇంగ్లీషు స్నేహితుల చేత చదివించి చూడటమూ ఉంది. మాయ, అన్య, రియా లాంటి పేర్లు ఆ వడపోతలో మిగులుతాయి. మంచి పేర్లే. ఆ వడపోతలో కింద పడిపోయిన పేరు ఎవరిదో, ఆ మనిషి ఇంకా బతికి ఉంటే ఆమెను ఒక్క మాట అడిగారో లేదో అన్నది మాత్రం ఆలోచించదగ్గది. కథలో నాయనమ్మ తన పేరు వద్దంది. చాలామంది నాయనమ్మలు అలాగే అంటారు. ఆ మాటను వెంటనే ఒప్పేసుకోవడం సులువు. వద్దనడానికి వెనక ఉన్న కథను అడిగి చెప్పించుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది.

పిల్లకు కష్టమైన పేరే పెట్టాలని నిర్ణయించుకున్న గ్రీకు తల్లులకు మాత్రం వాళ్ళ ఆచారంలోనే ఒక మంచి ఉపాయం ఉంది. గ్రీకులు పుట్టినరోజు కన్నా పేరు రోజును ఘనంగా చేస్తారు. ఏ పరిశుద్ధుల పేరు పెట్టుకుంటే ఆ పరిశుద్ధుల పండుగే వీళ్ళ పండుగ. ఆ రోజు పేరున్న మనిషే అందరికీ మిఠాయి పంచాలి, తిన్నవాళ్ళు నూరేళ్ళు బతకమని దీవించాలి. కలియోపి పేరు రోజు జూన్ 8. మెల్‌బోర్న్‌లో అది చలికాలం, బళ్ళు నడిచే రోజులు. డబ్బా నిండా వెన్న బిస్కెట్లు కాల్చి పిల్లతో తరగతికి పంపండి. బిస్కెట్టు కావాల్సినవాళ్ళు పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పాలని టీచరుతో ముందే మాట్లాడుకోండి. ఇరవై అయిదు మంది పిల్లలు వరసలో వచ్చి ఒకే పేరు చెబుతారు. మొదట్లో ఒకళ్ళిద్దరు తడబడతారు, వెనకున్నవాళ్ళు వాళ్ళను దిద్దుతారు. టీచరు కూడా బిస్కెట్టు అడుగుతుంది.